నూటికి తొమ్మిది

జగన్నాథపురం వంతెన దిగాక
ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో
బోర్డు లేని కొట్టు.
ఏడు బొగ్గుల పొయ్యిలు, ఏడు మట్టి కుండలు,
నాలుగు బల్లలు, ఒకదాని కాలి కింద మడతపెట్టిన అట్టముక్క.

ఎవరొచ్చినా ధనరాజు ముందే చెబుతాడు:
"ఆయ్, అరగంటండి.
తొందరుంటే ఎదర బజ్జీల బండుంది."

నాకు తొందర లేదు.
పొద్దుట్నుంచీ రేవులో బస్తాలకి గొట్టం గుచ్చి
గింజలు అరచేతిలో పోసుకుని
విరిగినవి విరిగినట్టే లెక్కపెట్టాను.
నూటికి అయిదు నూక దాకా ఓడ ఎక్కుతుంది.
ఆరైతే లారీ వెనక్కి.
ఇదే నా ఉద్యోగం.
గోళ్ళలో తవుడు ఏ సబ్బుకీ పోదు.

పదహారేళ్ళు ఓడల్లో వంటమనిషి ధనరాజు.
హాంకాంగ్ రేవులో ఓడ మరమ్మతుకి ఆగిన నాలుగు నెలలూ
లాయ్‌ముయ్ అనే ముసలామె కొట్లో
గిన్నెలు తోమి నేర్చుకున్నాడట ఈ వంట.
"ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు.
కుండే మాటాడేదండి మా ఇద్దరికీ."

ఇంజను గది పక్కన పడుకుని పడుకుని
కుడి చెవి పోయింది. ఎడమది సగం.
అందుకని తెడ్డు కొస మూతకి ఆన్చి
రెండో కొస పళ్ళతో కరిచి
కళ్ళు మూసుకుంటాడు.
నీళ్ళ చప్పుడు ఆగి
నూనె చప్పుడు మొదలయ్యే చోటు
దవడ ఎముకలో తెలుస్తుందట.
పక్కబల్ల కుర్రాడు ఆగలేక మూత ఎత్తబోతే
అదే తెడ్డుతో వేళ్ళ మీద ఒక్కటి.

నా కుండ వచ్చింది.
ముందు ఆవిరి. కళ్ళద్దాలు పోయాయి.
తర్వాత వాసన. ఆ తర్వాతే చూపు:
బెల్లం, సోయా పట్టించి
ఉత్తరపు గాలికి దండెం మీద ఆరిన మాంసపు చుట్టలు,
కాలవగట్టు బాతు గుడ్డు, సొన ఇంకా వణుకుతూ,
ఎండురొయ్యలు, దారాల్లా తరిగిన అల్లం,
అంచు చుట్టూ పోసిన నల్లటి పులుసు
చుయ్‌మంటూ కిందికి దారి వెతుక్కుంటూ.

అడుగున మాడుచెక్క.
బంగారం అనను, బంగారం నమిలిందెవరు?
వేయించిన జీడిపప్పు రంగు.
విరిగిన చప్పుడు నాకొక్కదానికే వినిపిస్తుంది.
మా ఇంట్లో అన్నం అడుగంటితే
ధ్యాస ఎక్కడుందని తిట్లు.
ఇక్కడ దానికే డబ్బులు.

అలవాటు ఊరుకోదు కదా.
బల్ల మీద పది మెతుకులు, మళ్ళీ పది,
వంద దాకా పరిచాను.
తొమ్మిది ముక్కలు.

"ధనరాజు గారూ, ఈ బియ్యం ఎక్కడివి?"
రెండోసారి అరిచాక విన్నాడు, నవ్వాడు.
"మొన్న మంగళారం మీరు తిప్పేసిన లారీయేనండి.
మండపేట మిల్లాయన బంపరు మీద కూకుని
కళ్ళొత్తుకుంటా ఉంటే
ఇరవై బస్తాలు నేను దింపించుకున్నా.
నూకే కదండీ పులుసు తాగేది,
నూకే కదండీ అడుగుని పట్టుకునేది!
నిండు గింజలు పైన
మగపెళ్ళివారిలా కూకుంటాయి, పొడిపొడిగా."

మంగళవారం నాకు గుర్తే.
ఆయన బతిమాలలేదు.
నా పెన్ను కింద పడితే తీసి
మూత పెట్టి ఇచ్చాడు, అంతే.
అయినా రేపు కూడా అయిదే అంటాను.
ఓడకి పులుసు తాగే పని లేదు.

వేడి కుండలో ధనరాజు కాసిని టీ నీళ్ళు పోశాడు.
చెక్క దానంతటదే వదిలింది.
"భూమ్మీద నూకలుండాలంటారండీ మనోళ్ళు.
గింజలుండాలని ఎవరైనా అన్నారా?"
అని, ఇంకో పొయ్యి మూతకి పళ్ళు ఆన్చడానికి వెళ్ళిపోయాడు.

నూట నలభై ఇచ్చాను.
పరిచిన వంద మెతుకులూ
అరచేత్తో ఊడ్చి నోట్లో వేసుకున్నాను,
ముక్కలేవో, నిండువేవో చూడకుండా.

బయట వంతెన పొడుగునా లారీలు,
పరదాలు కప్పుకుని రేపటికోసం వరసలో.
దవడలో ఇంకా
చిన్న చప్పుడు.